బెర్గెన్‌లో ఒక్క రోజు: పూట పడవా, రోజంతా ఫ్యోర్డ్ ట్రిప్పా?

కాకినాడ_కుర్రాడు:
జూన్‌లో అమ్మానాన్నలని నార్వేలో ఓస్లో నుంచి బెర్గెన్ తీసుకెళ్తున్నాను. మొదటి రోజు బ్రిగ్గెన్ చెక్క ఇళ్లు, ఫ్లోయెన్ కొండ రైలు. రెండో రోజు మాత్రం తేలట్లేదు. మోస్ట్రౌమెన్ అనే సన్నటి జలసంధి దాకా వెళ్లొచ్చే మూడున్నర గంటల పడవా, లేక వోస్, గుడ్వాంగెన్, ఫ్లోమ్, మిర్డాల్ చుట్టొచ్చే రోజంతా ట్రిప్పా? నాన్నకి 68, షుగర్. అమ్మకి మోకాళ్ల నొప్పులు.

కొండగాలి:
రోజంతా ట్రిప్పే తమ్ముడూ. ఫ్యోర్డ్ అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఆ దారిలో పడవ వెళ్లే నేరోయ్‌ఫ్యోర్డ్ ఒకచోట 250 మీటర్ల వెడల్పే, రెండు పక్కలా కొండలు మీద పడతాయేమో అన్నట్టుంటాయి. ఆ తర్వాత ఫ్లోమ్ రైలు 20 కిలోమీటర్లలో 866 మీటర్లు ఎక్కుతుంది. అంత దూరం వచ్చి ఇది చూడకపోతే తిరుమల వెళ్లి దర్శనం లేకుండా కొండ దిగినట్టే.

గోదారిగట్టు:
వోస్ దాకా రైలు, అక్కడ బస్సు, రెండు గంటల పడవ, ఫ్లోమ్ రైలు, మిర్డాల్‌లో మళ్లీ రైలు. నాలుగుసార్లు ఎక్కి దిగాలి. మోకాళ్ల నొప్పులని ఆయన చెప్పింది మీరు చదివారా? మోస్ట్రౌమెన్ పడవైతే బెర్గెన్‌లో ఎక్కి బెర్గెన్‌లోనే దిగుతారు. జలపాతం దగ్గరికి తీసుకెళ్లి, బకెట్‌తో నీళ్లు పట్టి తాగడానికిస్తారు. మా అత్తగారు ఆ నీళ్లు కళ్లకద్దుకుని తాగారు.

పులిహోర_డబ్బా:
ఏ ట్రిప్పయినా భోజనం కట్టుకెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకి టైమ్ తప్పకూడదు.

కొండగాలి:
నాలుగు మార్పులంటే నాలుగు కొండలెక్కడం కాదు. ష్యోస్‌ఫోసెన్ జలపాతం దగ్గర ఫ్లోమ్ రైలు ఆపుతారు. ఆ తుంపర మొహాన పడితే మోకాళ్లు గుర్తుండవు.

గోదారిగట్టు:
ఆపేది కొద్ది నిమిషాలు. ప్లాట్‌ఫారమంతా తడి. జారితే ఎవరు పట్టుకుంటారు?

కొండగాలి:
రైల్లోంచి కూడా కనిపిస్తుంది. దిగమని ఎవరూ బలవంతపెట్టరు.

ఉత్తరాది_కోడలు:
ఓస్లో నుంచే వస్తున్నారు కదా? ఓస్లో బెర్గెన్ రైలు మిర్డాల్ మీదుగానే పోతుంది. అక్కడ దిగి, ఫ్లోమ్‌లో రాత్రి పడుకుని, మర్నాడు పడవ, బస్సు, వోస్ నుంచి రైలు పట్టుకుంటే బెర్గెన్. వెళ్లిన దారినే వెనక్కి తిరగక్కర్లేదు.

గోదారిగట్టు:
కొండగాలి గారూ, మీకు దృశ్యాలే కనిపిస్తున్నాయి. పోయినేడు మా నాన్నని ఆ ట్రిప్పుకే తీసుకెళ్లాను. అంతా ఒక ఏజెన్సీతో బుక్ చేయించాను, ఎక్కడెంతసేపు ఆగాలో ఒక్క ముక్క చెప్పలేదు. మిర్డాల్‌లో చలిగాలిలో నిలబడ్డాక చూశాను, ఆయన చేతిలో నీళ్ల సీసా మూత తీయనే లేదు. బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందో తెలీక పొద్దున్నుంచి గుక్క తాగలేదట. పాదాలు వాచి బూట్లు రావట్లేదు. నన్నొక్క మాట అనలేదు.

కొండగాలి:
బాధే, కాదనను. కానీ ఆ పడవలో బాత్రూములున్నాయి, బెర్గెన్ రైల్లోనూ ఉన్నాయి. ముందే చెప్పి ఉంటే ఆయన తాగేవారు. మీకు జరిగిందని అందరి పెద్దల్నీ కట్టిపడేయకండి.

గోదారిగట్టు:
అంటే తప్పు నాదేనా? మీ ఇంట్లో ముసలివాళ్లుంటే తెలిసేది.

కొండగాలి:
ఉన్నారండి. మా అమ్మ. ఆవిడ వల్ల కాదని నేనే తేల్చేసి పూట పడవ ఎక్కించాను. తర్వాత మా పిన్ని ఫ్లోమ్ ఫోటోలు పంపింది. అమ్మ చూసి, "నన్నొక్కసారి అడగాల్సిందిరా" అంది. ఇప్పుడు మంచం దిగలేదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

గోదారిగట్టు:
అడిగితే మా నాన్న "సరేరా" అనేవారు. పిల్లల మొహం చూసి ఒప్పుకుంటారు. అడిగినంత మాత్రాన సరిపోదు.

కాకినాడ_కుర్రాడు:
నిజం చెప్పాలంటే నేనింకా అడగనే లేదు. ఇప్పుడే ఫోన్ చేశాను. నాన్న "నీ ఇష్టం" అన్నారు. అమ్మ మాత్రం "రైలైతే కిటికీ పక్కన కూర్చుంటా, ఒక రాత్రి ఎక్కడైనా ఆగుదాం" అంది. ఉత్తరాది_కోడలు గారూ, ఫ్లోమ్‌లో బస స్టేషన్ పక్కనే దొరుకుతుందా?