బొచ్చె (కట్ల) చేపకు వేసిన ఎరను జిలేబి (తిలాపియా) చేపలు తినేస్తున్నాయి, ఏం చేయాలి?

చంద్రగిరి వైపు, కొండల నుంచి దిగే వాన నీళ్లతో సహజంగా ఏర్పడిన ఒక చిన్న కుంటలో గాలం వేస్తున్నాను. అనుమతి ఉంది. నేను వేసే చోట లోతు ఎనిమిది అడుగులు. అక్కడ బొచ్చెలు ఉన్నాయి, పొద్దున్నే పైకి వచ్చి నోరు తెరవడం కళ్లారా చూస్తున్నాను. కానీ గాలానికి ఒక్కటీ పడటం లేదు.

వాడేది 0.30 మి.మీ. తంగూసు, 6వ నంబర్ గాలం, నెమలి ఈక బెండు. ఎర తవుడు, శనక్కాయ చెక్క కలిపిన ముద్ద. బొచ్చె పైనీళ్లలో మేసే చేప కాబట్టి బెండుకు రెండడుగుల కిందే ఎర ఉంచుతున్నాను. వేసిన నిమిషంలోపే బెండు టకటకా వణుకుతుంది, పూర్తిగా మాత్రం మునగదు. లాగి చూస్తే ముద్ద పోయి గాలం మెరుస్తూ ఉంటుంది. అప్పుడప్పుడు అరచేతంత జిలేబి తగులుతుంది, అంతే.

గాలం 2వ నంబర్‌కు (6 కంటే పెద్దది) మార్చాను. ముద్దలో మైదా కలిపి గట్టిగా చేశాను. పక్కన విడిగా తవుడు చల్లితే జిలేబిలు అటు పోతాయనుకున్నా, ఇంకా ఎక్కువ చేరాయి. వానపాము అయితే మరీ ఘోరం, క్షణం ఆగదు. ఉదయం 6 నుంచి 8.30 వరకు, సాయంత్రం 5 తర్వాత, రెండు వేళల్లోనూ ఇదే తంతు. వల వేయడం నాకు ఇష్టం లేదు, గాలంతోనే పట్టాలని ఉంది.

జిలేబిలు అంత తొందరగా కొరకలేని, బొచ్చె మాత్రం తినే ఎర ఏది, దాన్ని ఎలా కలపాలి?