డేటా సఫిషియెన్సీ ఆల్జీబ్రా: టైమంతా ఎక్కడ పోతోంది?

కొత్త_ప్రయత్నం:
ఎంబీఏ ఎంట్రన్స్ జీమ్యాట్‌కి చదువుతున్నాను. లెక్కలు బాగానే వస్తాయి కానీ డేటా సఫిషియెన్సీ (ఇచ్చిన రెండు స్టేట్‌మెంట్లు జవాబు తేల్చడానికి చాలతాయా అని అడిగే ప్రశ్న) తగిలితే చాలు, నాలుగు నిమిషాలు హాంఫట్. అది వచ్చే డేటా ఇన్‌సైట్స్ సెక్షన్‌లో 20 ప్రశ్నలకి 45 నిమిషాలు, అంటే ఒక్కోదానికి రెండుంపావు. నేనేమో ఎక్స్ కనుక్కుని, వై కనుక్కుని, సరిచూసుకుని, అప్పుడు ఆప్షన్ల దగ్గరికి వెళ్తున్నాను. ఇంతా చేస్తే సగం తప్పులే. మీరంతా ఎలా చేస్తున్నారండీ?

చివరి_బెంచి:
ఎక్స్ ఎంతో చెప్పమని ఎవరడిగారు బ్రో? తేలుతుందా లేదా అంతే. ఒకే విలువ వస్తుందని నమ్మకం కుదిరిన క్షణం పెన్ను కింద పెట్టెయ్. ఆప్షన్లు ఎప్పుడూ అవే కదా: ఎ అంటే మొదటిది ఒక్కటే చాలు, బి అంటే రెండోది ఒక్కటే చాలు, సి అంటే రెండూ కలిపితేనే చాలు, డి అంటే ఏ ఒక్కటైనా చాలు, ఇ అంటే రెండూ కలిపినా చాలవు. నేను ప్రతి ప్రశ్నకీ ముందే "ఎ డి / బి సి ఇ" అని రాసుకుంటాను. మొదటి స్టేట్‌మెంట్ ఒక్కటే చాలితే ఎ, డి మిగులుతాయి, చాలకపోతే ఆ రెండూ కొట్టెయ్. ఇంకోటి, రెండోది చదివేటప్పుడు మొదటిది బుర్రలో అతుక్కుని ఉంటుంది, తెలియకుండానే వాడేస్తాం. ప్రాక్టీసులో నేను మొదటి లైన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాణ్ణి, నవ్వకండి.

సున్నా_మర్చిపోకు:
దానికంటే ముందు ప్రశ్ననే చిన్నది చేసుకోవాలి. మొన్న ఒకటి చేశాను: ఎక్స్, వై సమానం కావు, ఎక్స్ స్క్వేర్ మైనస్ వై స్క్వేర్‌ని ఎక్స్ మైనస్ వైతో భాగిస్తే ఎంత? చూడ్డానికి భయం వేస్తుంది గానీ వాడు అడుగుతున్నది ఎక్స్ ప్లస్ వై ఎంత అనే. "3ఎక్స్ + 3వై = 21" అని ఇస్తే అదొక్కటే చాలు, విడివిడిగా తెలియక్కర్లేదు.

కొత్త_ప్రయత్నం:
మరి విడివిడిగా అడిగితే? రెండు వేరియబుల్స్, రెండు ఈక్వేషన్లు, కళ్ళు మూసుకుని సి పెట్టెయ్యొచ్చా?

పాత_కాపు:
అక్కడే అందరం బోల్తా పడేది! 2ఎక్స్ + 3వై = 8, 4ఎక్స్ + 6వై = 16 ఇస్తే అవి రెండు కాదు, ఒకటే. రెండోది మొదటిదానికి రెట్టింపు, జవాబు ఇ.

దీనికి తిరగేసింది ఇంకా పెద్ద ఉచ్చు. హాల్లో కొన్ని వరసల్లో 5 కుర్చీలు, మిగతా వరసల్లో 7. ఏడేసి ఉన్న వరసలెన్ని? ఒకటో స్టేట్‌మెంట్: మొత్తం 31 కుర్చీలు. రెండోది: మొత్తం 5 వరసలు. రెండూ కలిపితే తేలుతుందని చూడగానే తెలుస్తుంది, అందుకే సి నొక్కేస్తాం. కానీ అర వరస ఉండదు కదా. 31లోంచి 7 తీస్తే 24, 14 తీస్తే 17, 21 తీస్తే 10, 28 తీస్తే 3. ఐదుతో పోయేది 10 ఒక్కటే, 31 కూడా పోదు. కాబట్టి మూడు వరసలే, జవాబు ఎ.

చివరి_బెంచి:
ఒప్పుకుంటాను, కానీ ప్రతిదానికీ ఇలా తీసివేతలు చేస్తూ కూర్చుంటే మళ్ళీ నాలుగు నిమిషాలే.

పాత_కాపు:
ప్రతిదానికీ వద్దు. మనుషులు, కుర్చీలు, టికెట్లు లాంటి లెక్కపెట్టేవి ఉంటేనే ఆగి చూడు. ఉత్త ఎక్స్, వై అయితే భిన్నాలూ వస్తాయి, అక్కడ ఈ పని దండగ.

సున్నా_మర్చిపోకు:
ఇనీక్వాలిటీల సంగతి కూడా చెప్తాను, వాటి వల్ల మాక్ టెస్టుల్లో నాకు పోయినన్ని మార్కులు ఇంక దేనికీ పోలేదు. ఎక్స్ వై కంటే పెద్దదా? ఒకటి, ఎక్స్ స్క్వేర్ వై స్క్వేర్ కంటే పెద్దది. రెండు, ఎక్స్ బై వై ఒకటి కంటే పెద్దది. రెండోది చూడగానే వైతో గుణించేసి "ఎక్స్ పెద్దది" అని రాసేశాను. వై నెగెటివ్ అయితే గుర్తు తిరగబడుతుందిగా! 3, 2 పెట్టండి, అవును. మైనస్ 3, మైనస్ 2 పెట్టండి, కాదు. రెండు జంటలూ రెండు స్టేట్‌మెంట్లకీ సరిపోతాయి, కాబట్టి ఇ. అప్పట్నుంచి 0, 1, మైనస్ 1, అర, వీటిని అడక్కుండా ఏదీ వదలను.

అన్నట్టు, అవును-కాదు ప్రశ్నల్లో ఎప్పుడూ "కాదు" అనే వచ్చినా అది సఫిషియెంటే. ఒకసారి అవును, ఒకసారి కాదు వస్తేనే చాలనట్టు.

కొత్త_ప్రయత్నం:
తప్పుపోయిన ఆరు మళ్ళీ చేశాను, ఐదు వచ్చాయి. మిగిలింది ఇది: వై ఎంత? ఒకటి, ఎక్స్ ఇంటూ వై = ఎక్స్. రెండు, ఎక్స్ సున్నా కాదు. రెండు పక్కలా ఎక్స్ కొట్టేస్తే వై ఒకటే కదా, ఎ ఎందుకు కాదు?

సున్నా_మర్చిపోకు:
నా పేరు చదవండి.

కొత్త_ప్రయత్నం:
అబ్బా. సి.