డబ్బంటే ఈ బెంగ తగ్గేదెలా? ఉన్నదానికి సంతోషపడటం అలవాటవుతుందా?

రాయగడ టైలరమ్మ:
మాది ఒడిశాలో రాయగడ. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఆయనది ప్రైవేటు ఉద్యోగం. అద్దె, పిల్లల ఫీజులు ఎప్పుడూ ఆగలేదు, అప్పుల్లేవు. అయినా రాత్రి ఫోన్లో బ్యాలెన్సు చూసుకుంటే గాని నిద్ర పట్టదు. చూశాక అసలే పట్టదు, అది వేరే సంగతి. ఆడవాళ్ళకి ఒడిశా ప్రభుత్వమిచ్చే సుభద్ర పథకం డబ్బులు 5,000 పడ్డాయి. నా పేరున వచ్చిన సొమ్మే కదా, మిషనుకి మోటారు పెట్టించుకుందామంటే చెయ్యి రాదు. మోకాళ్ళ నొప్పితో తొక్కుతూనే ఉన్నాను. అదే పిల్లాడు బూట్లడిగితే సాయంత్రానికి కొనేస్తాను.

ఇంకొకటి, కుట్టుకూలి అడగడానికి నోరు పెగలదు. "తర్వాతిస్తాలే వదినా" అని జాకెట్టు పట్టుకుపోతారు. పండగ దాటాక సంతలో ఎదురుపడితే నేనే తల తిప్పుకుంటాను. మా అత్తగారేమో "ఉన్నదానికి దండం పెట్టుకో, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటారు. వీడియోల్లో రోజూ మూడు మంచి సంగతులు రాసుకోమంటే అదీ చేశాను. పిల్లలు బాగున్నారు, ఆయనకి ఉద్యోగముంది, ఇల్లు కారట్లేదు. మర్నాడూ అవే. వానలు పడ్డాక మూడోది కొట్టేయాల్సొచ్చింది. ఎవరికైనా ఇలాంటిది తగ్గిందా?

పర్లాకిమిడి పెద్దాయన:
అమ్మా, నేను పోస్టాఫీసు కౌంటర్లో చేసి రిటైరైనవాణ్ణి. బ్యాలెన్సు ఒకే అంకెగా ఉన్నంతకాలం ఆ భయం పోదు. అందులో అద్దెంత, ఫీజెంత, నీదెంత అన్నది తేలక, ఏది ముట్టుకున్నా ఇల్లు గుల్లయినట్టే ఉంటుంది. విడగొట్టు. పోస్టాఫీసులో ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతా, నెలకి 100తో మొదలుపెట్టొచ్చు, గడువు 5 ఏళ్ళు. 12 వాయిదాలు కట్టాక కట్టినదాంట్లో సగం దాకా అప్పిస్తారు, 3 ఏళ్ళు దాటితే మధ్యలో మూసేయొచ్చు కూడా. అవసరానికి అదొకటి పక్కనుందని తెలిస్తే ఫోను వైపు చెయ్యి పోదు.

సుభద్ర ఏడాదికి రెండు విడతలు, 5 ఏళ్ళకి 50,000. నీ పని బాగుపడటానికి వాడుకోక దేనికమ్మా? మోటారుని ఖర్చులో రాయకు. మోకాళ్ళ డాక్టరు దగ్గరికెళ్తే అప్పుడు తెలుస్తుంది ఖర్చంటే ఏమిటో.

బరంపురం కోడలు:
చెల్లీ, మా అత్తగారింట్లో మార్గశిర లక్ష్మివారాలు, అంటే గురువారాల లక్ష్మీపూజ, గట్టిగా చేస్తారు. గడప నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు, వడ్లు కొలిచే మాణం నిండా కొత్త వడ్లు. ఆ రోజు ఇంట్లోంచి పైసా బయటికి పోకూడదని పట్టు. అందుకని బుధవారం సాయంత్రానికే పాలతనికి, ఇస్త్రీ అతనికి, పనమ్మాయికి లెక్కలు తేల్చేస్తారు. నిజం చెప్పాలంటే పూజకంటే నాకు ఆ బుధవారమే నచ్చింది. ఇప్పుడు ఏడాది పొడుగునా అదే పద్ధతి. ఇచ్చేటప్పుడు ఊరికే చేతిలో పెట్టను. గ్యాసతనికైతే "ఆ రోజు గ్యాసు బండ మూడో అంతస్తుకి మోసుకొచ్చావు, లేకపోతే మా వంట ఆగిపోయేది" అంటాను. అతను నవ్వుతాడు. నాకూ డబ్బు పోయినట్టుండదు, ఏం వచ్చిందో కనబడుతుంది.

నీ పుస్తకంలో "ఇల్లు కారట్లేదు" అని రాస్తే ఏముంటుంది? పెంకులు సర్దినతని పేరు రాయి. రోజుకో కొత్త పేరు దొరక్కపోతే అడుగు.

సిరొంచ కుర్రాడు:
అక్కా, మీ అత్తగారి మాట ఒక్కటే నాకు ఎక్కలేదు. దండం దేవుడికి, కూలి మీకు. రెండూ కలపకండి. మాది మహారాష్ట్ర అంచు. మా అమ్మ మిర్చి ఏరడానికి నది దాటి తెలంగాణ వైపు వెళ్తుంది. కూలి చేతిలో పడ్డాకే బండెక్కుతుంది. కొట్లాడదు, నవ్వుతూనే నిలబడుతుంది, అంతే. మీరు లైనింగు డబ్బులు ముందే తీసుకోండి, మిగతాది జాకెట్టు ఇచ్చేటప్పుడు. నోటితో చెప్పలేకపోతే మిషను పైన బోర్డు కట్టండి.

రాయగడ టైలరమ్మ:
అందరికీ దండాలు. మోటారు ధర కనుక్కున్నాను, బిగింపుతో కలిపి 1,600 అంటున్నాడు, రేపు రమ్మన్నాను. ఆర్‌డీకి ఆధార్, ఫొటోలు తీసిపెట్టాను. అక్కా, పెంకులు సర్దినతని పేరు ఆయన్నడిగితే ఆయనకీ తెలీదట, కనుక్కోవాలి. తమ్ముడూ, బోర్డు తెలుగులో రాయించనా, ఒడియాలోనా? బాకీలు పెట్టినవాళ్ళలో రెండు భాషలవాళ్ళూ ఉన్నారు.