బొమ్మ ముందు నిలబడి ఏం చూడాలి?

మందుల షాపు, పర్లాకిమిడి:

మాది పర్లాకిమిడి. బజారులో మందుల షాపు నడుపుతున్నాను. బొమ్మలతో నా పరిచయం గోడ మీది క్యాలెండర్ వరకే. మా అక్క కూతురు ఖల్లికోట ఆర్ట్ కాలేజీలో చేరింది. ఈమధ్య బరంపురంలో వాళ్ల బ్యాచ్ అంతా కలిసి బొమ్మలు పెట్టారు, రమ్మంటే వెళ్లాను. ఒక పెద్దాయన ఒకే బొమ్మ ముందు నిలబడి దగ్గరికెళ్తాడు, వెనక్కొస్తాడు, మళ్లీ దగ్గరికెళ్తాడు. ఆలోగా నేను హాలు మొత్తం చుట్టేసి బయట టీ కూడా తాగేశాను. అంతసేపు ఆయన ఏం చూశాడన్నదే నా డౌటు.

సాయంత్రం మేనకోడలు "ఎలా ఉన్నాయి మావయ్యా?" అంటే "బాగున్నాయమ్మా" అన్నాను. ఆ పిల్ల ఇంకేదో వింటానని ఎదురుచూసింది. నా దగ్గర ఇంకేమీ లేదు.

ముందు ఏదైనా పుస్తకం చదవాలా? ఆన్‌లైన్ కోర్సులున్నాయి, డబ్బు కట్టొచ్చా? ఇంకోటి. మా చుట్టుపక్కల కొండల మీద సవరలు గోడలకు వేసే బొమ్మలు చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అవీ ఈ లెక్కలోకి వస్తాయా, లేక ఆర్ట్ అంటే వేరేనా? దయచేసి ఎగతాళి చేయకండి.

రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, బరంపురం:

కోర్సుకి ఇప్పుడే డబ్బు కట్టకండి. పుస్తకం కూడా తర్వాత చూద్దాం.

బళ్లో పిల్లలకు చెప్పిందే మీకూ చెబుతాను. బొమ్మ చూడగానే అర్థం కోసం వెతకొద్దు. కనబడుతున్నది కనబడినట్టు పైకి చెప్పండి. "ఎడమ పక్క ఎర్రచీర ఆవిడ, చెయ్యి కిందికి వేలాడుతోంది, వెనక గోడ పసుపు..." ఇలా చెప్పుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట మాట తడబడుతుంది. అక్కడ ఆగండి, వేసినవాళ్లు ఏదో చేశారన్నమాట. మీరు టీ తాగే టైములో ఆ పెద్దాయన పనీ ఇదే అయివుంటుంది. దగ్గరికెళ్తే రంగు పూసిన తీరు తెలుస్తుంది, వెనక్కొస్తే మొత్తం బొమ్మ కుదిరిందో లేదో తెలుస్తుంది.

ఇంట్లో రవివర్మ లక్ష్మీదేవి ప్రింటు ఉంటే దించండి. వెలుగు ఏ పక్క నుంచి వస్తోందో, చీర మడతల్లో నీడ ఎటు పడిందో చూడండి. పక్కన పూరీ నుంచి తెచ్చిన పటచిత్రం ఒకటి పెట్టండి. ఇందులో వెలుగు ఏ పక్క నుంచీ రాదు. నీడ ఉండదు, దూరం ఉండదు. మొహం పక్కకు తిరిగి ఉంటుంది, కన్ను మాత్రం నిండుగా ఎదురుగా ఉంటుంది. "మనుషులు ఇలా ఉంటారా?" అని నవ్వేవాళ్లను చూశాను. రవివర్మ రూలు పెట్టి పటచిత్రాన్ని తప్పుపట్టడమంటే కబడ్డీ ఆడేవాణ్ణి ఎల్బీడబ్ల్యూ ఇచ్చి పంపడమే.

పూరీ దగ్గర పటచిత్రాలు వేసేవాళ్ల ఊరు రఘురాజపూర్ వెళ్తే ఎవరింటి అరుగు మీదైనా కాసేపు కూర్చోండి. నూలుగుడ్డకు చింతపిక్కల జిగురు, సుద్దపొడి పట్టించి, ఆరాక రాయితో రుద్ది నున్నగా చేస్తారు. తెలుపు శంఖం పొడి నుంచి, నలుపు దీపం మసి నుంచి వస్తాయి. ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం అనే రాళ్లు నూరుతారు. రంగులు నింపాక చివర్లో నల్లగీత వేస్తారు. ఆ గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో కంటితో వెంబడించండి. నా మట్టుకు సగం చదువు అందులోనే ఉంది.

ఇక సవరల బొమ్మలు. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడే! ఎర్రమట్టి గోడ, బియ్యప్పిండి తెలుపు, వెదురుపుల్ల కుంచె. చుట్టూ అంచు ముందు గీసి, లోపలికి నింపుకుంటూ వస్తారు. అందరూ నిలబడే నేల అంటూ ఒకటి ఉండదు, కాబట్టి మన కన్ను ఎటునుంచైనా లోపలికి వెళ్లగలదు. ఇడిటాల్ అనే ఈ బొమ్మను దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం వేస్తారు. జబ్బు తగ్గాలని, పంట పండాలని కూడా వేస్తారు. అందంగా ఉందా లేదా అన్నది వాళ్లకు తర్వాతి మాట. 1940లలో ఆదివాసుల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ ఈ కొండల్లో తిరిగేనాటికే ఆ గోడల మీదికి రైలు, సైకిలు, విమానం ఎక్కేశాయి. బజారులో వీటిని వార్లీ అని అమ్మేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. వార్లీ మహారాష్ట్రది. అందులో మనిషి ఒళ్లు మొనలు కలిసిన రెండు త్రికోణాలు. సవర మనిషి అంత కొలత పెట్టినట్టు ఉండడు, సన్నగా సాగి ఉంటాడు.

బ్యాంకు ఉద్యోగిని, రాయగడ:

మాస్టారితో నాది సగం ఒప్పందమే. కొన్నిటికి చరిత్ర తెలియకపోతే తలుపు తెరుచుకోదు. పికాసో 'గెర్నికా'నే తీసుకోండి. ఫోనులో చూస్తే నలుపు, బూడిద రంగు ముక్కల గందరగోళం. 1937 ఏప్రిల్‌లో స్పెయిన్‌లోని గెర్నికా అనే ఊరి మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించాయనీ, అదే ఏడాది పికాసో ఆ బొమ్మ వేశాడనీ తెలిశాక, చచ్చిన బిడ్డను ఎత్తుకుని అరుస్తున్న ఆ తల్లి మీద నుంచి నా చూపు కదల్లేదు. ఫోను ఇంకో మోసం కూడా చేస్తుంది. అది దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్లు దాటిన వెడల్పు. మనం చూసేది అరచేతిలో.

అందుకే అసలు బొమ్మలు చూడండి. రాజమండ్రి వైపు పెళ్లికో పేరంటానికో వెళ్తే దామెర్ల రామారావు గ్యాలరీకి వెళ్లండి. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదివి, 1925లో మశూచితో పోయాడు. ముప్ఫై కూడా నిండలేదు. మీకు ఇంకా దగ్గరివాడు వడ్డాది పాపయ్య, శ్రీకాకుళంలో పుట్టినాయన. పాత 'చందమామ', 'యువ' ముఖచిత్రాల మీద 'వపా' సంతకం వెతకండి.

పేరెందుకులెండి, ఇచ్ఛాపురం:

ఇంత టెన్షన్ ఎందుకు సార్? నచ్చితే నచ్చింది, లేకపోతే లేదు.

రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, బరంపురం:

నచ్చకపోవడం మీ హక్కు బాబూ. ఏ మూల నచ్చలేదో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం. రాయగడ అమ్మాయి చెప్పింది కూడా నిజమే. కాకపోతే చరిత్ర ముందే చదివేస్తే ఆ చదివిందే బొమ్మలో కనబడుతుంది, మిగతాది దాటిపోతుంది. ఒకసారి ఊరికే చూసి, చదివి, మళ్లీ చూడమంటాను.

మందుల షాపు, పర్లాకిమిడి:

అందరికీ థాంక్స్. మేనకోడలు వేసిన లైనోకట్ (షీటు చెక్కి, ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీసే బొమ్మ) ఫొటో ఫోనులో ఉంటే, కౌంటర్ దగ్గర ఎవరూ లేనప్పుడు పైకి చెప్పడం మొదలుపెట్టాను. నుయ్యి, ఒకావిడ, తాడు... బిందె దగ్గర ఆగిపోయాను. బిందెకి గీతే లేదు! చుట్టూ నలుపు ఉండబట్టి బిందె కనబడుతోంది, అక్కడున్నది వట్టి తెల్లకాగితం. ఫోన్ చేసి అడిగాను. లైనో షీటులో చెక్కి తీసేసిన చోట ఇంకు అంటదట, అది తెల్లగా మిగులుతుందట. అచ్చులో కుడి ఎడమ అవుతుంది కాబట్టి తిరగేసి చెక్కాలట. అరగంట ఆపకుండా మాట్లాడింది. మధ్యలో షాపుకొచ్చినాయన దగ్గు సిరప్ కోసం కేకలేశాడు, అది వేరే సంగతి.

ఇంకో డౌటు. పూరీ వెళ్తున్నాం, పటచిత్రం ఒకటి కొందామని ఉంది. చేత్తో వేసిందో, మెషీన్ ప్రింటో ఎలా పోల్చుకోవాలి?

రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, బరంపురం:

స్ట్రిప్ మీద చిన్న అక్షరాలు చదివే భూతద్దం మీ దగ్గర ఉంటుందిగా, జేబులో వేసుకెళ్లండి. ప్రింటయితే రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనబడుతుంది. చేత్తో వేసినదైతే నల్లగీత కింది రంగు మీదికి ఎక్కి ఉంటుంది, అంచు డిజైనులో ఒక పువ్వు పక్క పువ్వుతో అచ్చంగా సరిపోదు. ప్రింటు మీద పైపైన గీతలు దిద్ది అమ్మేవాళ్లూ ఉంటారు, అందుకని గీత దగ్గరే ఆగకుండా ఖాళీ రంగు ఉన్నచోట కూడా అద్దం పెట్టండి. బేరం మాత్రం చూసిన తర్వాతే.