అప్‌డేట్: అమ్మకు కొత్త తెలుగు పుస్తకాలు దొరికాయి (తిరుపతి)

రెండు నెలల క్రితం అడిగాను: వారపత్రికల సీరియళ్లతో పెరిగిన మా అమ్మ ఇప్పుడు ఏ పుస్తకం తెచ్చినా పది పేజీలకే మూసేస్తోంది, తిరుపతిలో కొత్తవి చూసి చెప్పేవాళ్లు ఉన్నారా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసిన సలహా ఒక్కటే. "చిన్న షాపుకు అమ్మనే తీసుకెళ్లండి, నచ్చినవే కాదు, మధ్యలో వదిలేసినవి కూడా చెప్పమనండి" అన్నారొకరు. అలాగే వెళ్లాం. షాపాయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎందుకు ఆపేశారమ్మా?" అని. "ఊరు కనబడకపోతే చదవబుద్ధి కాదు నాయనా" అంది అమ్మ. ఇన్నేళ్లలో ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నేనేమో డిటెక్టివ్ నవలలే తెస్తూ వచ్చాను.

ఆయన రెండు పుస్తకాలు తీసి, స్టూలు వేసి, "కొనకపోయినా పర్లేదు, కాసేపు చదవండి" అన్నాడు. ఒకటి మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం', 2022 సాహిత్య అకాడెమీ అవార్డు నవల. రెండోది రమేశ్ కార్తీక్ నాయక్ బంజారా కథలు 'ఢావ్లో', 2024 యువ పురస్కారం వచ్చింది. అమ్మ కొంగుతో కళ్లజోడు తుడుచుకుని 'ఢావ్లో' తెరిచింది. నేను రెండుసార్లు పిలిచినా తల ఎత్తలేదు. ఆ క్షణంలో నాకు కళ్లు చెమర్చాయి. రెండూ కొన్నాం, రెండూ పూర్తిచేసింది.

చూపు సమస్యేమో అన్న అనుమానం తప్పు, అద్దాల పవర్ సరిగానే ఉందని డాక్టరు చెప్పారు. ఆన్‌లైన్ టాప్ టెన్ లిస్టులూ, ఆడియో బుక్సూ మాకు పనికిరాలేదు. వెళ్లేవాళ్లు రద్దీ లేని పూట వెళ్లండి, షాపాయనకు మాట్లాడే తీరిక ఉంటుంది.