ఎండు తెగులు తట్టుకున్న వేపచెట్టు నుంచి మొక్కలు ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. మాది జనగామ దగ్గర పల్లె. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతూ వచ్చాయి కదా, మా పొలం గట్ల మీద పదకొండు చెట్లకూ అదే గతి పట్టింది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు అన్నారు. చాలావరకు మళ్లీ చిగురించాయి గానీ, అకాల వానలు పడిన ఏడాది మళ్లీ అదే వరస. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బావి దగ్గర మా తాత నాటిన చెట్టుకు మాత్రం ఇప్పటిదాకా ఒక్క రెమ్మ మాడలేదు. అది ఆ చెట్టు గుణమా, బావి తేమ వల్లా? తేల్చుకునేదెలా?

వేపలో పరపరాగ సంపర్కం (వేరే చెట్టు పుప్పొడితో కాయ కట్టడం) ఎక్కువ, గింజ మొలకలన్నీ తల్లిలా రావని తెలుసు. అయినా వంద మొలకలు పెంచి, తెగులున్న చెట్ల పక్కనే నాటి, నిలిచినవే ఉంచుకుందామని ఆలోచన. లేదంటే కొమ్మకు గాలి అంటు కట్టడం (చెట్టు మీద ఉండగానే కొమ్మకు వేళ్లు పుట్టించి మొక్క తీయడం) మేలా? వేప గింజకు మొలకశక్తి కొన్ని వారాలే, పండ్లు రాలే లోపే తేల్చుకోవాలి. అటవీ నర్సరీల్లో పనిచేసినవాళ్లు, ఇలా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. మొలకలను ఎన్నేళ్లు గమనిస్తే నమ్మొచ్చు?