పోర్ట్రెయిట్ నేర్చుకోవాలంటే ముందు లైటా, పోజా?

కంటోన్మెంట్ కుర్రాడు:
మాది విజయనగరం. పెళ్లిళ్లకి సెకండ్ కెమెరాగా వెళ్తుంటాను. క్యాండిడ్ బాగానే వస్తుంది గానీ, మనిషిని కుదురుగా కూర్చోబెట్టి పాత పద్ధతిలో ఒక్క పోర్ట్రెయిట్ తీయమంటే టెన్షన్. విశాఖలో ఓ వర్క్‌షాప్ ఉంది. నాలుగు స్ట్రోబులు, అంటే స్టూడియో ఫ్లాష్ లైట్లు, పెట్టి ముఖం మీద వెలుగునీడలు పడే పద్ధతులు రెంబ్రాంట్, లూప్, బటర్‌ఫ్లై, స్ప్లిట్ అన్నీ చేయిస్తారట. మా వీధిలో పాత స్టూడియో మాస్టారేమో "ముందు మనిషిని కూర్చోబెట్టడం నేర్చుకోరా, లైటు దానంతటదే వస్తుంది" అంటున్నారు. దేనికి వెళ్లమంటారు?

సాఫ్ట్‌బాక్స్:
వర్క్‌షాప్‌కే వెళ్లు తమ్ముడూ. లైటు దానంతటదే రాదు, దాని వెనక లెక్కుంది. చిన్న లైటుకీ ముఖానికీ మధ్య దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే రెండు స్టాపులు (వెలుగు సగమైనా, రెట్టింపైనా ఒక స్టాపు). ఇది తెలిస్తే, వెనక గోడ నల్లగా కావాలంటే గోడకి నల్లరంగు వెయ్యక్కర్లేదు, లైటుని మనిషికి దగ్గరగా జరిపి ఎక్స్‌పోజర్ తగ్గిస్తే చాలని నీకే తడుతుంది. మాస్టార్లకి ఇదంతా చేతికి తెలుసు, నోటికి రాదు. అడిగితే "చూస్తూ ఉండు" అంటారు. ఎంతకాలం చూస్తావు?

బొంకులదిబ్బ:
లెక్క నిజమే. కానీ వర్క్‌షాపుల్లో స్టాండు జరపడం నేర్పుతారు, మనిషిని తిప్పడం నేర్పరు. రెంబ్రాంట్ అంటే ఏమిటి? ముక్కు నీడ వెళ్లి చెంప నీడని తాకాలి, అవతలి కంటి కింద వెలుగు ముక్కోణం మిగలాలి. అది లైటు ఎక్కడుందన్న దాని మీద ఎంత ఆధారపడుతుందో, ముఖం ఎటు తిరిగిందన్న దాని మీదా అంతే. కిటికీ పక్కన స్టూలు వేసి మనిషిని నీవైపు చూడమను. సగం ముఖం వెలుగు, సగం నీడ: స్ప్లిట్. కెమెరా కదపకుండా ముఖాన్ని మెల్లగా కిటికీ వైపు తిప్పించు. ముక్కోణం వస్తుంది. ఇంకాస్త తిప్పితే ముక్కు నీడ చెంప నీడని తాకకుండా చిన్నదై విడిగా నిలుస్తుంది: లూప్. స్టాండు లేదు, స్ట్రోబు లేదు, ముఖం తిరిగిందంతే. అందుకే లైటా పోజా అని విడదీసి అడగడమే నాకు అర్థం కాదు.

ఇక కూర్చోబెట్టడం. ఈ మధ్య మా వీధిలో ఓ పెద్దావిడని అరుగు మీద తీశాను. మొదట ఆధార్ కార్డు ఫోటోకి కూర్చున్నట్టే కూర్చున్నారు. భుజాలు బిగిసి, చేతులు తొడల మీద అప్పడాల్లా పరిచి. భుజాలు ఓ పక్కకి తిప్పి, ముఖం మాత్రం వెలుగు వైపు తెమ్మన్నాను. చేతులు ఒకదానిమీద ఒకటి, చిటికెన వేలి అంచు కెమెరాకి కనబడేలా. చెయ్యి అప్పుడే సన్నగా కనిపిస్తుంది. "గడ్డం దించండి" అని మాత్రం ఎప్పుడూ అనకు. మెడ దగ్గర మడత పడుతుంది. "నుదురు నావైపు తీసుకురండి" అను, గడ్డం గీత అదే తేలుతుంది. ఆవిడ నుదురు ముందుకి తెస్తూ "ఏటి నాయనా, దండెయ్యడానికా ఈ ఫోటో?" అని నవ్వారు. భుజాలు అప్పుడు దిగాయి. నొక్కాను. ఏ స్ట్రోబూ ఆ పని చెయ్యదు.

ముహూర్తం ఫ్లాష్:
ఇవన్నీ ఎవరికి కావాలండీ? కస్టమర్ అడిగేది ఒక్కటే, కాస్త తెల్లగా రావాలి. ఎదురుగా పైనుంచి లైటు పెట్టి బటర్‌ఫ్లై, కింద రిఫ్లెక్టర్, ఒక స్టాప్ ఎక్కువ. అయిపోయింది. మీ రెంబ్రాంట్ చూపిస్తే "మా అమ్మాయి ముఖం సగం నల్లగా వచ్చిందేటి?" అని బాకీ డబ్బులు ఆపేస్తారు.

నాగావళి గట్టు:
శ్రీకాకుళం నుంచి. ఈ "తెల్లగా" దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఒక స్టాప్ ఎక్కువిస్తే ఫోటోలో ముఖం కన్నా ముందు జరీ తెల్లగా కాలిపోతుంది, పక్కన పొందూరు ఖాదీ చొక్కాలో కూర్చున్న నాన్నగారి భుజం తెల్ల అట్టముక్కైపోతుంది. చామనఛాయ ముఖానికి రూపం తెచ్చేది నీడకన్నా ఎక్కువగా మెరుపు. చెంప ఎముక మీద, ముక్కు వంపున పడే ఆ మెరుపు ఎంత వెడల్పుగా, ఎంత మెత్తగా ఉందన్నదే చూసుకోవాలి. అందుకు లైటు పెద్దదవ్వాలి, దగ్గరగా ఉండాలి, పక్కనుంచి రావాలి. మన ఉక్కపోతలో చిన్న ఫ్లాష్ ఎదురుగా కొడితే చెమట చుక్కలన్నీ మెరుస్తాయి. పౌడర్ అద్దకండి, బూడిద రంగు తిరుగుతుంది. టిష్యూతో ఒత్తితే చాలు.

బొంకులదిబ్బ గారూ, మీ కిటికీ మంచిదే గానీ ఒక మాట. "ఉత్తరం కిటికీ వెలుగు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది" అనేది యూరప్ స్టూడియోల మాట. మనం ఉన్నది సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరం కిటికీలోంచీ ఎండ పడొచ్చు. ఓ తెల్ల పంచె కట్టుకోండి. కిటికీకి, మీకు కాదు.

సాఫ్ట్‌బాక్స్:
పంచె బాగుంది. కానీ రాత్రి రెండింటి ముహూర్తానికి కిటికీ ఎక్కడ తెస్తారు? 1941లో ఒట్టావాలో చర్చిల్‌ని తీసిన ఫోటోగ్రాఫర్ యూసుఫ్ కార్ష్ సంగతే చూడండి. నోట్లోని చుట్ట లాగేశాడన్న కథ అందరూ చెప్తారు. లైట్లు, కెమెరా ముందు రోజు సాయంత్రమే అమర్చి పెట్టుకున్నాడన్నది ఎవరూ చెప్పరు. లైటు గురించి దిగుల్లేదు కాబట్టే మనిషి మీద ధ్యాస పెట్టగలిగాడు.

బొంకులదిబ్బ:
ఒప్పుకుంటాను. కానీ జనానికి గుర్తున్నది చర్చిల్ మొహంలో ఆ చిరాకే గానీ లైట్ల అమరిక కాదు కదా.

ముహూర్తం ఫ్లాష్:
మా పెళ్లికొడుకుల నోట్లోంచి కిళ్లీ లాగి చూడండి, తెలుస్తుంది.

కంటోన్మెంట్ కుర్రాడు:
మాస్టారితో మాట్లాడాను. ఫీజు వద్దన్నారు, పొద్దున్నే వచ్చి స్టూడియో ఊడ్చి కూర్చోమన్నారు. సిరిమాను సంబరం దాకా అక్కడే ఉంటాను, వర్క్‌షాప్ తరవాతి బ్యాచ్‌కి చూస్తాను. ఈలోగా రాత్రిళ్లు ఇంట్లో ప్రాక్టీస్‌కి మామూలు ఎల్‌ఈడీ బల్బు సరిపోతుందా?

నాగావళి గట్టు:
సరిపోతుంది. అట్ట మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన ఉన్నది చూసి తీసుకో, లేకపోతే చర్మం రంగు పాలిపోతుంది. గదిలో మిగతా ట్యూబులైట్లన్నీ ఆర్పెయ్. మీ గోడ ఆకుపచ్చదైతే ఆ రంగు ముఖం మీద పడకుండా నీడ వైపు థర్మోకోల్ షీటు అడ్డుపెట్టు.